దూకుడు పెంచితే ఇంజిన్ బలం తగ్గక తప్పదా?

మీ ప్రశ్న ఇదీ: సొంతంగా రాసుకున్న చెస్ ఇంజిన్ చప్పగా ఆడుతోంది, దాడి చేసేలా మారిస్తే ఎలో (ఆట బలాన్ని చూపే రేటింగ్) పడిపోతోంది, రెండూ కుదిరే దారి ఉందా అని. నేనూ ఆ గోతిలో పడి లేచినవాణ్ణే. కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందనేది మాత్రం దూకుడుని కోడ్‌లో ఎక్కడ పెట్టారో దాన్నిబట్టి ఉంటుంది.

నా ఇంజిన్‌లో న్యూరల్ నెట్‌వర్క్ లేదు, ఇవాల్యుయేషన్ (బోర్డు మీద ఎవరిది ఎంత పైచేయో అంకెలో చెప్పే భాగం) అంతా చేత్తో రాసిందే. రాజు చుట్టూ ఉన్న గళ్ల మీద ఎదుటివాడి పావులు ఎన్ని గురిపెట్టాయో లెక్కేసి, ఆ లెక్కకి ఒక టేబుల్‌లో ఉన్న బోనస్ ఇస్తుంది. ఒక్క పావు ఉంటే దాదాపు ఏమీ రాదు, మూడు చేరితే అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. నేను చేసిందల్లా ఆ టేబుల్‌ని మొత్తంగా ఒకటిన్నర రెట్లు చేయడం. పాత వెర్షన్‌తో ఆడించి చూస్తే కన్నుల పండుగే. త్యాగం మీద త్యాగం, గెలుపు మీద గెలుపు.

తర్వాత నిదానంగా ఆడే వేరే ఇంజిన్ మీదకి వదిలాను. ఒక గేమ్ ఇప్పటికీ గుర్తుంది. తెల్లపావులు నావి. బిషప్ వెళ్లి హెచ్7లో బంటుని కొట్టి చెక్ ఇచ్చింది. నల్లరాజు ఆ బిషప్‌ని తీసేశాడు. మంత్రి హెచ్5కి వచ్చి మళ్లీ చెక్, రాజు జీ8కి వెనక్కి. మామూలుగా ఇక్కడ గుర్రం జీ5లోకి దూకాలి. కానీ నా గుర్రం అప్పటికే మార్పిడిలో పోయింది! స్క్రీన్ మీద స్కోరు మాత్రం ప్లస్ 1.5, అంటే నాది బంటున్నర పైచేయి అని. బిషప్ ఇచ్చి బంటు తీసుకుంటే నికరంగా రెండు బంట్ల నష్టం కదా, అంటే నా టేబుల్ దాడి పేరుతో మూడున్నర బంట్ల బోనస్ పంచిపెడుతోంది. ఆ తర్వాత 0.9, 0.2, మంత్రులు మారాక మైనస్ 1.8. పాత వెర్షన్ మీద ఎందుకు గెలిచిందో అప్పుడు వెలిగింది. దానికీ అదే టేబుల్, అదే గుడ్డితనం; లేని దాడిని చూసి అదీ భయపడేది. అందుకే మీ ఇంజిన్‌ని దాని తమ్ముడితోనే ఆడించి సంబరపడకండి.

అందరూ "టాల్ లాగా ఆడాలి" అంటారు. 1960లో బొట్విన్నిక్‌ని ఓడించి ప్రపంచ చెస్ ఛాంపియన్ అయినప్పుడు మిఖాయిల్ టాల్‌కి 23 ఏళ్లు. ఆయన త్యాగాల్లో కొన్ని తర్వాత తీరిగ్గా విశ్లేషిస్తే తప్పని తేలాయి. అయినా పనిచేశాయంటే, ఎదురుగా ఉన్నది గడియారం చూసి టెన్షన్ పడే మనిషి కాబట్టి. ఇంజిన్‌కి చెమటలు పట్టవు. కాబట్టి మీ ఇంజిన్ మనుషులతో ఆడాలా, ఇంజిన్లతో ఆడాలా అన్నది ముందే తేల్చుకోండి.

కంటెంప్ట్ సంగతీ అంతే. డ్రాని కొంచెం నష్టంగా లెక్కించి తప్పించుకునే సెట్టింగ్ అది. బలహీనమైన ప్రత్యర్థి మీద లాభం, సమఉజ్జీ మీద నష్టం. స్టాక్‌ఫిష్ అనే పేరున్న ఇంజిన్‌లో కొన్నేళ్లు ఉండేది, 2021లో తీసేశారు. లీలా చెస్ జీరో అనే ఇంకో ఇంజిన్‌లో తర్వాత వేరే పద్ధతిలో పెట్టారు.

చివరికి నాకు పనికొచ్చింది ఇది. ఇవాల్యుయేషన్‌ని మళ్లీ నిజాయితీగా ఉంచాను. దూకుడుని తీసుకెళ్లి ఎత్తు ఎంచుకునే చివరి మెట్టు దగ్గర పెట్టాను. మల్టీపీవీతో (ఒకటికి బదులు కొన్ని మంచి ఎత్తుల్ని స్కోర్లతో చూపే సెట్టింగ్) మంచి ఎత్తులు మూడు తీసి, అన్నిటికన్నా మంచిదానికి 15 సెంటీపాన్‌ల (సెంటీపాన్ అంటే బంటులో నూరో వంతు) లోపు ఉన్నవాటిలో మంత్రుల్ని బోర్డు మీదే ఉంచేదీ, రాజు వైపు దారులు తెరిచేదీ ఏదో చూసి అది ఆడిస్తాను. ఊరికే రాదు, మూడు లైన్లు వెతికితే డెప్త్ (ఎన్ని ఎత్తులు ముందుకి చూస్తుందో అది) తగ్గుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: ప్రతి ఎత్తుకీ 15 చొప్పున వదులుకుంటూ పోతే పది ఎత్తుల్లో బంటున్నర గల్లంతు. అందుకే గేమ్ మొత్తానికి 60 సెంటీపాన్‌ల బడ్జెట్ పెట్టాను. అది అయిపోతే మామూలు ఆట. ఎండ్‌గేమ్‌లో మొత్తం ఆఫ్. ఈ బడ్జెట్ ఆలోచన వచ్చాకే నాకు నిద్రపట్టింది.

టెస్టింగ్ గురించి ఒక్క మాట. 100 గేమ్‌లు ఆడించి 20 ఎలో పెరిగిందంటే నమ్మకండి, అన్ని గేమ్‌లకి అటూ ఇటూ 50 పాయింట్లకి పైగా తేడా మామూలే. పది ఎలో తేడా పట్టుకోవాలంటే వేలల్లో ఆడించాలి. శైలిని విడిగా కొలవండి. గెలిచిన త్యాగాల్నే కాదు, ఓడినవాటినీ లెక్కపెట్టండి.

ఏ నంబరూ ముట్టుకోకముందు ఇంకో పని చేయండి. త్యాగం చేసి ఓడిన గేమ్‌లు ఓ పది తీసుకుని, సరిగ్గా ఆ ఎత్తు దగ్గర దాడి బోనస్ ఎంతో ప్రింట్ చేయించి చూడండి. నావాటిలో చాలావరకు ఒకటే కథ: రాజు మీద గురిపెట్టిన పావులు మూడు, ప్రమాదం లేకుండా చెక్ ఇచ్చే గడి ఒక్కటీ లేదు.