సరసమైన అలలా, తొట్టెలో ఊపా?

సందేహం: మాది గంజాం జిల్లా బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువు. ఉప్పునీటి అక్వేరియం పెట్టి పగడాలు పెంచుతున్నాను. ఎక్కువ డబ్బు పెట్టకుండా అందులో అలలు ఎలా తెప్పించాలో మా తెలుగు సంఘం పత్రికకు రాస్తూ ‘గృహ అక్వేరియంలో సరసమైన అలల చలనం సృష్టించుట’ అని శీర్షిక పెట్టాను. మావయ్య చూసి నవ్వారు. ‘అల కాదురా, కెరటం’ అన్నారు. ఏది సరి?

సమాధానం: మావయ్యగారు నవ్వింది అల గురించి కాదేమో, ‘సరసమైన’ గురించి అయ్యుంటుంది. ధర, వెల, రేటు లాంటి మాటల పక్కన ఉన్నప్పుడే ‘సరసమైన’ అంటే అందుబాటులో ఉన్నదని అర్థం. ఆ తోడు తీసేస్తే మిగిలేది సరసమే. సరసమైన అలలంటే సరసాలాడే అలలు! ‘చవకైన అలలు’ అన్నా చిక్కే. చవక అయింది అలలు కావు, మీ పద్ధతి. ‘తక్కువ ఖర్చుతో’ అని క్రియకు తగిలిస్తే సరిపోతుంది. ‘సృష్టించుట’ కూడా వద్దు. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తిగారు వ్యావహారికం కోసం అంత పోరాడాక, ఆ పొరుగున ఉన్న మీరు మళ్ళీ ‘ఉట’ రాయడమా? తెలుగులో అలలు లేస్తాయి, రేగుతాయి. మనం చేస్తే లేపుతాం, రేపుతాం.

ఇక అల, కెరటం. అల చిన్నదానికీ పెద్దదానికీ చెల్లుతుంది, చెరువులోనూ అలలే. కెరటం మాత్రం సముద్రానిది, లేచి విరిగి ఒడ్డున పడేది. గోపాల్‌పూర్ ఒడ్డున తెలుగు జాలరుల మధ్య మసిలినవారికి ముందు నోటికొచ్చేది ఆ మాటే. ఒడియాలో రెంటికీ ‘ఢెఉ’ అంటే సరిపోతుంది కాబట్టి మీకు తేడా తట్టి ఉండదు.

అయితే మీ తొట్టెలో జరిగేది ఈ రెంటిలో ఏదైనా అవునా అని నా అనుమానం. పగడాలకు కావలసింది నీటిపైన కనిపించే అల కాదు. అవి కదిలి వెళ్ళి తిండి తెచ్చుకోలేవు. చుట్టూ నీరు కదిలితేనే తిండీ ఆక్సిజనూ అందుతాయి, ఒంటి మీది జిగురూ చెత్తా కొట్టుకుపోతాయి. ఒకే పంపు ఒకే వైపు కొడుతుంటే అది ప్రవాహం. తొట్టె ఎదురెదురు గోడలకు రెండు చిన్న పవర్‌హెడ్లు (నీటిలో మునిగి ఉండి నీటిని తోసే పంపులు) బిగించి, గోడ ప్లగ్గుకు పెట్టే టైమర్లతో వంతులవారీగా నడిపించడం చవకైన పద్ధతే కానీ, దాన్నీ అల అనలేం. ఆ టైమర్లు చాలావరకు 15 నిమిషాలకు ఒకసారి మారేవే. నీరు కాసేపు ఇటు, కాసేపు అటు పారుతుంది, అంతే. ‘ఆటుపోట్లు’ అందామంటే అక్కడ నీటిమట్టమే మారాలి, సముద్రంలో ఆ మార్పుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది. ‘పారే దిశ మార్చడం’ అని సాదాగా రాయండి.

సెకన్ల లెక్కన ఆగి నడిచే పంపుది వేరే కథ. 4 అడుగుల పొడవు తొట్టెలో అడుగున్నర లోతు నీరుంటే, అది ఒక కొసకు ఒరిగి, రెండో కొసకు పోయి మళ్ళీ రావడానికి సెకనున్నర కూడా పట్టదు. ఉయ్యాల వెనక్కొచ్చినప్పుడల్లా తోసినట్టు ఆ లయకు సరిగ్గా పంపు తోపు పడితే, చిన్న పంపే మొత్తం నీటిని ఊపేస్తుంది. దీనికి ‘ఊపు’ కన్నా మంచి మాట లేదు. నీరు ఊగుతుంది, పంపు ఊపుతుంది. ఆగు–ఆపు, రేగు–రేపు లాంటి జంటే ఇది. నీరు అంచు దాటిందంటే అది తొణకడం. నిండుకుండ తొణకదంటారు గానీ, నిండు తొట్టె ఈ లయలో పడితే తొణికి తీరుతుంది. ప్లగ్గుబోర్డును తొట్టె కింద పెట్టకండి. అద్దాల అతుకుల మీద పడే భారం గురించి కూడా వ్యాసంలో ఒక ముక్క రాయండి.

మావయ్యగారి కెరటానికీ చోటుంది. తొట్టెకు పైన ఒక బకెట్, దాన్ని నింపడానికి చిన్న పంపు, కిందికి ఒక వంపు గొట్టం. బకెట్ నిండగానే సైఫన్ పట్టి, అంటే గొట్టం దానంతటదే నీటిని కిందికి లాగడం మొదలై, నీరంతా ఒక్కసారిగా తొట్టెలోకి దూకుతుంది. గొట్టంలోకి గాలి చొరబడగానే సైఫన్ తెగి, బకెట్ మళ్ళీ నిండడం మొదలవుతుంది. హవాయిలోని వైకీకీ అక్వేరియంలో పనిచేసిన బ్రూస్ కార్ల్‌సన్ పేరు మీద ఇది అక్వేరియం వాళ్ళలో ప్రసిద్ధం. విరుచుకుపడే నీరే కాబట్టి దీన్ని కెరటమంటే నాకు అభ్యంతరం లేదు. చప్పుడూ ఉప్పు తుంపరా మాత్రం ఇంట్లోవాళ్ళు భరించాలి.

‘తరంగం’ జోలికి పోకండి, అది రేడియోకూ ధ్వనికీ స్థిరపడిపోయింది. మీరు రాసేది పంపుల పద్ధతి అయితే ‘ఇంటి అక్వేరియంలో తక్కువ ఖర్చుతో నీటిని ఊపడం ఎలా?’ అని పెట్టండి. బకెట్ పద్ధతి గురించే అయితే ‘నీటిని ఊపడం’ తీసి ‘కెరటాలు లేపడం’ అని మార్చండి.