తాళం లేని కారా, చెవి లేని కారా?

సందేహం: కొత్త కారు ప్రకటనలో ‘కీలెస్ ఎంట్రీ’ అన్నారు. దాంతో వచ్చిన తెలుగు కరపత్రంలో ‘తాళం రహిత ప్రవేశం’ అని ఉంది. తీరా కారుతోపాటు రెండు కీలు చేతిలో పెట్టారు. ఈ పేరు సరైనదేనా? తెలుగులో ఏమనాలి?

సమాధానం: ముందు ‘తాళం రహిత’ సంగతి. తాళం వేసేది, తాళంచెవి తీసేది. తాళమే లేకపోతే ఆ కారు ఎవరైనా ఎక్కెయ్యవచ్చు! ‘తాళాలు ఎక్కడ పెట్టావు?’ అని ఇంట్లో అంటాం, నిజమే. అక్కడ చెవి అనకపోయినా అర్థమవుతుంది. అచ్చువేసే కాగితానికి ఆ వెసులుబాటు లేదు. పోనీ సమాసమైనా కుదిరిందా? ‘తాళరహిత’ అనాలి. ‘లేని’ అన్న చక్కని మాట చేతిలో ఉండగా ఈ ‘రహిత’ వ్యామోహం ఎందుకో!

ఇక చెవి. నాకు ఎంతో ఇష్టమైన మాట ఇది. తాళానికి కప్ప ఉంది, చెవి ఉంది. తాళంకప్ప, తాళంచెవి అని పక్కపక్కన పలికి చూడండి, పేరు పెట్టినవాళ్ల చూపు ఎంత పదునో తెలుస్తుంది. కన్నడంవారు ‘బీగద కై’ అంటారు, అంటే బీగానికి చెయ్యి. తమిళంలో ‘తిరవుకోల్’, తెరిచే కోల. పాతకాలపు ఇనుప తాళంచెవి పట్టుకునే చోట గుండ్రంగా, బెజ్జంతో ఉంటుంది. దాన్ని రెండు వేళ్లతో పట్టి తిప్పడం అచ్చంగా చెవి మెలిపెట్టడమే. అయితే ఇంకో వాదన ఉంది. పోర్చుగీసులో కీని ‘చావె’ అంటారు. హిందీ ‘చాబీ’, తమిళ ‘సావి’ అక్కడివే. మనకు మేస్త్రీ, బొత్తాం, అలమర ఇచ్చిన భాషే అది. మనవాళ్లు ‘చావి’ని విని ‘చెవి’గా మలచుకున్నారా? కొట్టిపారెయ్యలేను. కానీ పక్కింటి కన్నడం చెయ్యి అంటుంటే మనం చెవి అనడం సహజంగానే తోస్తుంది. నా మొగ్గు అటే.

‘కీలకం’ ఇంగ్లీషు ‘కీ’ నుంచి వచ్చిందనుకోవద్దు. అది మేకు అనే అర్థమున్న సంస్కృత ‘కీల’ సంతానం.

కీలెస్ అన్న పేరు మొదట్లో నిజమే. 1980లో ఫోర్డ్ కంపెనీ కొన్ని కార్ల తలుపుకు అయిదు మీటలు పెట్టింది. అయిదంకెల సంఖ్య నొక్కితే తలుపు తెరుచుకునేది, జేబులో ఏమీ అక్కర్లేదు. తరవాత దూరం నుంచి మీట నొక్కి తీసే పరికరం వచ్చింది. ఫ్రెంచివాళ్లు దాన్ని ‘ప్లిప్’ అన్నారు. కనిపెట్టిన పాల్ లిప్‌షుట్జ్ పేరులోంచి తీసిన మాట అది. ఎంత ముచ్చటైన పేరో! 1990ల చివర మెర్సిడెస్ ‘కీలెస్ గో’ తెచ్చింది. అప్పటికి కీ మళ్లీ జేబులో చేరింది, పేరు మాత్రం మారలేదు.

మీ కారు చేసే పని గమనించండి. తలుపు పిడి ముట్టుకోగానే కారు సన్నని రేడియో సంకేతంతో పిలుస్తుంది. అది ఒకటి రెండు మీటర్లకు మించి అందదు. జేబులోది ఆ పిలుపు విని, రహస్య సంకేతంతో బదులిస్తుంది. తాళంచెవి ఇన్నాళ్లకు నిజంగా చెవి అయింది! దాని బ్యాటరీ అయిపోతే వాడుకోవడానికి చాలావాటిలో చిన్న లోహపు చెవి కూడా దాచి ఉంటుంది. చెవిలో చెవి! అలాంటి దాన్ని పట్టుకుని చెవి లేదనడం నాకు మనసొప్పదు.

‘కీలెస్’ వాడుకలో నాటుకుపోయింది కాబట్టి తప్పనలేను. నన్నడిగితే ‘చెవి తిప్పకుండా తెరుచుకునే తలుపులు’ అని రాస్తాను. శీర్షికకు పొడవనిపిస్తే ‘కీలెస్’ అనే ఉంచండి. ‘తాళం రహిత’ మాత్రం వద్దు.