సగంలో ఆగిపోయే పెళ్లి డీవీడీ

ప్ర: మా పెళ్లి వీడియో 2009 నాటిది, ఒకటే డీవీడీ ఉంది. నాన్నగారు ఇప్పుడు లేరు, కన్యాదానం దగ్గర ఆయన గొంతు ఉన్నది అందులోనే. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, బయట తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్. కాపీ చేస్తుంటే సగంలో 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్' అని ఆగిపోతోంది. విండోస్ వేయించుకుంటే వస్తుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: విండోస్ అక్కర్లేదమ్మా, మీ ఉబుంటు లినక్సే కదా, ఈ పనికి అదే మంచిది. ముందు అదే ఫైల్‌ని మళ్లీ మళ్లీ కాపీ కొట్టడం ఆపేయండి. మామూలు కాపీ అయితే చదవలేని చోటు తగలగానే ఆగిపోతుంది, దాని తర్వాత ఎంత మంచి భాగం ఉన్నా అటు పోదు.

తప్పు డిస్క్‌దా, డ్రైవ్‌దా అన్నది తేల్చుకోండి. ఎర్రర్ వచ్చిన వెంటనే టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) సుడో పెట్టి డీమెసేజ్ కమాండ్ (sudo dmesg) ఇచ్చి చివరి లైన్లు చూడండి. 'మీడియం ఎర్రర్' అని ఉంటే డిస్క్‌ని చదవలేకపోతోందని. అలా కాక యూఎస్‌బీ డిస్‌కనెక్ట్, రీసెట్ అని వస్తుంటే కేబుల్‌నో, కరెంటు చాలకపోవడాన్నో అనుమానించాలి, హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి.

డిస్క్‌ని మెత్తటి నూలు గుడ్డ తడిపి మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ వద్దు, ఎందుకంటే డేటా ఉండేది చుట్లు చుట్లుగా, ఆ చుట్టు వెంటే గీత పడితే సరిదిద్దుకోవడం డ్రైవ్‌కి కష్టం. టూత్‌పేస్ట్ పెట్టి రుద్దమంటే అస్సలు వినకండి. స్టూడియోవాళ్లు పైన పేపర్ స్టిక్కర్ అంటించి ఉంటే పీకకండి.

ఇక అసలు పని. ఉబుంటులో, పాడైన డిస్క్ నుంచి వచ్చినంత లాగే జీడీడీరెస్క్యూ (gddrescue) అనే ప్యాకేజీ వేసుకోండి, ముందు 'జీ' ఉన్నదే కావాలి, కమాండ్ పేరు మాత్రం డీడీరెస్క్యూ. 5 జీబీ ఖాళీ ఉంచుకోండి. కమాండ్ పేరు తర్వాత వరసగా మైనస్ ఎన్, మైనస్ బీ 2048, డెవ్ ఫోల్డర్‌లోని ఎస్ఆర్0 (మీ డ్రైవ్ పేరు సాధారణంగా ఇదే), పెళ్లి డాట్ ఐఎస్ఓ (డిస్క్ మొత్తం కాపీ పడే ఫైల్), పెళ్లి డాట్ మ్యాప్ (ఏ చోటు వచ్చిందో, ఏది రాలేదో రాసుకునే ఫైల్) ఇవ్వండి, అంటే ఇలా: ddrescue -n -b 2048 /dev/sr0 pelli.iso pelli.map మైనస్ ఎన్ ఉంటే మొండికేసిన చోట్లతో ఎక్కువసేపు కుస్తీ పట్టకుండా సులువుగా వచ్చేదంతా ముందు లాగేస్తుంది. అది అయ్యాక ఎన్ తీసేసి మైనస్ డీ, మైనస్ ఆర్ 3 (-d -r3) పెట్టి అవే ఫైల్ పేర్లతో మళ్లీ నడపండి, ఈసారి మిగిలిన చోట్ల మీదే పడుతుంది. గంటలు పట్టొచ్చు, టెన్షన్ పడకండి, మధ్యలో ఆపినా మ్యాప్ ఫైల్ ఉంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

కొంత రాకపోయినా బెంగ పెట్టుకోకండి. డీవీడీలో తప్పులు సరిదిద్దుకునేది 32 కేబీ ముక్కలుగా, అలాంటి ముక్క ఒకటి పోతే వీడియోలో సెకనులో చిన్న వంతు, బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరి మళ్లీ సర్దుకుంటుంది. ఐఎస్ఓని వీఎల్‌సీలో తెరిచి నేరుగా కన్యాదానం దగ్గరికి వెళ్లి వినండి.

అక్కడే పోయి ఉంటే ఎవరిదైనా పాత కంప్యూటర్‌లోని డీవీడీ డ్రైవ్ అడిగి తెచ్చుకుని, అదే ఐఎస్ఓ, అదే మ్యాప్‌తో ఇంకోసారి నడపండి. ఒక డ్రైవ్ వదిలేసింది ఇంకోటి చదవడం నేను చాలాసార్లు చూశాను. అప్పటిదాకా డిస్క్‌ని ఎండ తగలని చోట, కవర్‌లో నిలబెట్టి ఉంచండి.