న్యాయ సలహా: నాన్నగారి టీవీ హాస్యంపై వారసులకు హక్కు ఉందా?

ప్రశ్న: మాది తిరుపతి. మా నాన్నగారు గంగమ్మ జాతర వేదికల మీద హాస్య నాటికలు రాసి ఆడేవారు. వాటినే తిరగరాసి, 1997 నుంచి 2002 వరకు ఒక ప్రైవేటు ఛానల్ ధారావాహికలో ప్రధాన పాత్ర వేశారు. 2018లో కాలం చేశారు. నిర్మాత కుమారుడు 2021 నుంచి ఆ ఎపిసోడ్లను, టైటిళ్లలో నాన్నగారి పేరు తీసేసి, యూట్యూబ్‌లో పెట్టి డబ్బు సంపాదిస్తున్నాడు. అవి చూసినప్పుడల్లా అమ్మ ఏడుస్తోంది. మా దగ్గర కొన్ని వీహెచ్ఎస్ క్యాసెట్లు, రెండు నోటుబుక్కులు ఉన్నాయి. మిగతా నోటుబుక్కులు ఇల్లు మారినప్పుడు పాతపేపర్ల వాడికి వేసేశాం. క్యాసెట్లతో మేమే ఛానల్ పెట్టి, అతని వీడియోలపై కాపీరైట్ స్ట్రైక్ (హక్కు మాదని, వీడియో తొలగించమని యూట్యూబ్‌కు ఫిర్యాదు) వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరమంతా నాన్నగారి నటన చుట్టూ తిరిగింది. కేసును తేల్చేది మాత్రం మీరు ఒక్క ముక్కలో దాటేసిన జాతర నాటికలు.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం చిత్రీకరించిన ఎపిసోడ్‌కు కర్త నిర్మాతే. ప్రసారమైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ల పాటు ఆ హక్కు ఆయనకు, ఆయన తరువాత వారసులకు ఉంటుంది. ప్రదర్శకుల హక్కు 1995లోనే అమలులోకి వచ్చినా, చిత్రీకరణకు సమ్మతించిన నటుడు ఆ చిత్రం వరకు నిర్మాతను అడ్డుకోలేడు. మరణించిన నటుడి వ్యక్తిత్వ హక్కులు (పేరు, రూపం, గొంతు వాడుకపై హక్కులు) ఆయనతోనే ముగుస్తాయని సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ వ్యవహారంలో ఢిల్లీ హైకోర్టు 2023లో చెప్పింది కనుక ఆ దారిలోనూ బలం తక్కువ.

రాత సంగతి వేరు. నాటికపై హక్కు రచయితది. మీ నాన్నగారి విషయంలో అది 2078 చివరి వరకు ఉంటుంది. సెక్షన్ 19 ప్రకారం ఆ హక్కు బదిలీ కావాలంటే సంతకం చేసిన పత్రం ఉండాలి, నోటిమాట చాలదు. అయితే డబ్బిచ్చి మేమే రాయించుకున్నామని ఎదుటివారు సెక్షన్ 17ను ముందుకు తెస్తారు. సినీ సంగీతం విషయంలో నిర్మాతలకు అనుకూలంగా 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునూ చూపుతారు. అందువల్ల నిర్మాత పిలవకముందే ఆ నాటికలు పుట్టాయని మీరు రుజువు చేయగలరా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఇంత విలువైన నోటుబుక్కులను తూకానికి వేయడం క్షమించరాని అజాగ్రత్త. మిగిలిన రెండింటినైనా కాపాడండి. పేజీలు చింపవద్దు, లామినేషన్ చేయించవద్దు, ముఖ్యంగా ఇప్పుడు గుర్తు చేసుకొని వాటి మీద తేదీలు వేయవద్దు. కొత్త సిరాతో పడిన ఒక్క తేదీ చాలు, పుస్తకం మొత్తాన్ని కోర్టు అనుమానించడానికి. 1997కు ముందరి జాతర కరపత్రాలు, తేదీ కనిపించే పత్రికా కత్తిరింపులు, కమిటీ ఇచ్చిన రసీదులు వెదకండి. ఆయనతో వేదిక పంచుకున్న నటులు ఉంటే, వారికి ఓపిక ఉండగానే అఫిడవిట్లు తీసుకోండి. క్యాసెట్లకు బూజు పట్టి ఉంటే ఇంట్లో వీసీఆర్‌లో పెట్టవద్దు, టేపు తెగుతుంది. తెలిసినవారి చేత డిజిటల్ రూపంలోకి మార్పించి, దాని హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) రాయించుకోండి. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద డిజిటల్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన ధ్రువపత్రంలో అది అవసరం. అతని ఛానల్‌లోని వీడియోల లింకులను, అప్‌లోడ్ తేదీలను కూడా ఇప్పుడే భద్రపరచండి.

స్ట్రైక్ ఆలోచన మానండి. ఆ ఫారంలో వీడియో హక్కు మీదేనని ప్రకటించాలి, అది అబద్ధమవుతుంది. ఆధారం లేని బెదిరింపులపై కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద అతనే మీ మీద దావా వేయవచ్చు. క్యాసెట్లను మీరు అప్‌లోడ్ చేస్తే ఉల్లంఘించినవారు మీరే అవుతారు. నాటికలను మీ సొంత రచనగా రిజిస్టర్ చేయించుకోమని ఎవరైనా చెబితే అసలు వినవద్దు. తప్పుడు నమోదుకు సెక్షన్ 67 కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

కాలపరిమితి విషయంలో ఇప్పటికే నష్టపోయారు. కాపీరైట్ ఉల్లంఘనకు పరిహారం అడగడానికి గడువు ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి మూడేళ్లు. ఉల్లంఘన కొనసాగుతోంది కనుక దావా తేదీకి వెనకటి మూడేళ్ల వరకు అడగవచ్చు గానీ, అంతకు ముందరి ఆదాయం మీద ఆశ వదులుకోండి. తెలిసీ ఊరుకున్నారన్న మాట మధ్యంతర ఉత్తర్వు అడిగేటప్పుడు కూడా మీకు అడ్డు వస్తుంది.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకొని, మీ అమ్మగారు, తోబుట్టువులు అందరి పేరిట లాయర్ నోటీసు పంపండి. అందులో వీడియోలను తొలగించమని అడగకండి. సెక్షన్ 57 కింద రచయితగా నాన్నగారి పేరు టైటిళ్లలో తిరిగి వేయాలని, ఆదాయంలో రచయిత వాటా ఇవ్వాలని, నిర్మాత వద్ద ఉన్న మాస్టర్ టేపుల నకళ్లు ఇప్పించాలని కోరండి. మీ క్యాసెట్ల కన్నా ఆ టేపుల్లోనే బొమ్మ మెరుగ్గా నిలిచి ఉండే అవకాశం ఎక్కువ. నాన్నగారి పని పదిమందికీ మిగలాలంటే అవి కావాలి, అందుకే రాజీకి తలుపు తెరిచి ఉంచమంటున్నాను. ఒప్పుకోకపోతే సెక్షన్ 62 మీరు నివసించే చోటే దావా వేసే వీలు కల్పిస్తోంది కనుక అతను హైదరాబాద్‌లో ఉన్నా మీరు అక్కడికి వెళ్లనక్కరలేదు. వివాదం విలువ 3 లక్షల రూపాయలకు తగ్గకపోతే, అత్యవసర ఉత్తర్వు కోరనప్పుడు, ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి.

నోటుబుక్కుల జిరాక్స్ కాపీలు మాత్రమే మీ న్యాయవాదికి ఇవ్వండి. కోర్టు అడిగేదాకా అసలువి మీ ఇంటి బీరువా దాటకూడదు.