రాతి ఇల్లు కొనగలరు, నిలుపుకోగలరా?

ప్రశ్న: మేం పెన్సిల్వేనియాలో ఎక్స్‌టన్ దగ్గర ఉంటున్నాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులం, గ్రీన్ కార్డులున్నాయి. ఇద్దరి జీతాలూ దాదాపు సమానం, కలిపి ఏడాదికి 2,60,000 డాలర్లు. అన్ని కోతలూ పోగా నెలకి 13,000 చేతికొస్తాయి. టౌన్‌హౌస్ విలువ 5,40,000, లోన్ ఇంకా 2,10,000 ఉంది, వడ్డీ 2.875 శాతం. ఇంటి ఖర్చు అన్నీ కలిపి నెలకి 2,300. బ్యాంకులో 1,10,000, అమ్మాయి కాలేజీ చదువు కోసం దాచే 529 ఖాతాలో 95,000 ఉన్నాయి. తను టెన్త్ గ్రేడ్. షాద్‌నగర్ దగ్గర 2011లో 18 లక్షలకు కొన్న ప్లాటుకి ఇప్పుడు కోటీ ఎనిమిది లక్షలు ఇస్తామంటున్నారు. చెస్టర్ కౌంటీలోనే 1790ల నాటి రాతి ఫామ్‌హౌస్ ఒకటి అమ్మకానికొచ్చింది. 12 ఎకరాలు, పెద్ద పాత బార్న్ (పంట, పశువుల కొట్టం), ధర 9,75,000. నన్ను చదివించడానికి నాన్న ఉన్న మూడెకరాలూ అమ్మేశారు. మళ్లీ మాకంటూ భూమి ఉండాలని ఎప్పటినుంచో కోరిక. టౌన్‌హౌస్, ప్లాటు అమ్మి, చాలకపోతే రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కె మీద లోన్ తీసుకుని కొనేద్దామనుకుంటున్నాం. బార్న్‌ని పెళ్లిళ్లకు అద్దెకిస్తే కొంత తిరిగొస్తుంది కదా. మీరేమంటారు?

జవాబు: మీ నాన్నగారి మూడెకరాల సంగతి చదివాక, మీకు కేవలం డాలర్ల లెక్క చెప్పి ఊరుకోవడం న్యాయం కాదనిపించింది. భూమి పోయిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఆ కోరిక ఎంత బలంగా ఉంటుందో నాకు తెలుసు. దాన్ని వదులుకోమని చెప్పను. కానీ అడుగుతున్న ధరకి, మీరు చెప్పిన పద్ధతిలో ఈ ఇల్లు మాత్రం కొనొద్దు. ఏ ధరకైతే కొనొచ్చో చివర్లో చెబుతాను.

కొనడానికి మీ దగ్గర డబ్బు ఉంది. టౌన్‌హౌస్ అమ్మకం ఖర్చులు, పాత లోన్ పోగా 2,95,000 దాకా మిగులుతుంది. అయిదేళ్లలో రెండేళ్లయినా అందులో ఉన్నారు కాబట్టి దంపతులకి 5,00,000 వరకు లాభం మీద ఫెడరల్ పన్ను ఉండదు. 2,75,000 డౌన్ పేమెంట్ కట్టి, మిగతా 20,000 ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్‌కీ టైటిల్ ఖర్చులకీ పెడితే 7,00,000 లోన్ కావాలి. 30 ఏళ్లకి, వడ్డీ 6.5 శాతం అనుకుంటే నెల వాయిదా 4,424. ఇంటి పన్ను ఏడాదికి 9,800, ఇన్సూరెన్స్ 6,000 వేసుకుంటే నెలకి 5,741 అవుతుంది. ఇది మీ స్థూల జీతంలో 27 శాతం లోపే. బ్యాంకు సంతోషంగా లోన్ ఇచ్చేస్తుంది.

బ్యాంకు లెక్కలోకి రానిదే అసలు ఖర్చు. రెండొందల ఏళ్లు దాటిన ఇంటికి ఏటా ధరలో రెండు శాతమైనా మరమ్మతులకి పక్కన పెట్టమని నేను చెబుతాను. అది నెలకి 1,625. హీటింగ్ ఆయిల్, పచ్చిక కోత, మంచు తీయడం లాంటివాటికి ఇంకో 300. మొత్తం 7,666. చేతికొచ్చే 13,000లో ఇది 59 శాతం. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతే మిగిలే జీతం 6,500. అది ఇంటికే చాలదు. టౌన్‌హౌస్‌లో ఉన్నన్నాళ్లూ ఒక్క జీతంతో ఇల్లు గడిచిపోతుంది. ఐటీలో లేఆఫ్‌ల టెన్షన్ మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆ రాతి సంగతి. చెస్టర్ కౌంటీ పాత ఇళ్ల గోడలు పొలాల్లో దొరికిన రాళ్లతో, దాదాపు అడుగున్నర నుంచి రెండడుగుల మందంలో, సున్నంతో కట్టినవి. సున్నం మెత్తన, లోపలికి దిగిన తేమని బయటికి వదులుతుంది. మధ్యలో ఏ యజమానో సందుల్లో సిమెంట్ పూయించి ఉంటే తేమ లోపలే ఉండిపోతుంది. చలికాలంలో అది గడ్డకట్టి రాతి పైపొరలు ఊడతాయి, లోపల దూలాల చివర్లు కుళ్లుతాయి. ఆ సిమెంట్ గీకించి మళ్లీ సున్నంతో సందులు పూడ్పించడం నెలల తరబడి సాగే చేతిపని. మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్ ఇలాంటిది పట్టుకోవడం కష్టం. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెంట తీసుకెళ్లండి. గోడలకి బయట సున్నం ఉందా సిమెంట్ ఉందా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు పదుల వేల డాలర్ల తేడా తెస్తుంది.

ఊరి నీళ్లు, ఊరి డ్రెయినేజీ కనెక్షన్ లేకపోతే సొంత బావి, సెప్టిక్ ఉంటాయి. బావి నీళ్లని పరీక్షించుకునే బాధ్యత పూర్తిగా యజమానిదే. సెప్టిక్ పాడైతే, నేల లక్షణాన్ని బట్టి ఇసుక దిబ్బ మీద కొత్తది కట్టాల్సి రావచ్చు. నేనైతే దానికి 30,000 పక్కన పెట్టుకుంటాను. పెన్సిల్వేనియాలో రాడాన్ వాయువు సమస్య ఎక్కువ, కాబట్టి ఆ పరీక్ష చేయించండి. రీడింగ్ లీటరు గాలికి 4 పికోక్యూరీలు, ఆపైన ఉంటే సరిచేయించమని ఫెడరల్ పర్యావరణ సంస్థ చెబుతుంది. 1978కి ముందు కట్టిన ఏ ఇంటికైనా, సీసం రంగుని పరీక్షించుకోవడానికి కొనేవాళ్లకి పది రోజుల గడువు ఇవ్వాలని చట్టం. దాన్ని వదులుకోకండి. పింగాణీ బొడిపెల మీద సాగే పాత కరెంటు వైరింగ్ ఇంకా వాడుకలో ఉంటే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ముందుకు రావు. వచ్చినా ఒక మెలిక ఉంది. అలాంటి గోడలు, అలాంటి చెక్క పని మళ్లీ చేయించాలంటే మార్కెట్ ధర కన్నా ఎక్కువవుతుంది. అందుకే పాలసీలో పునర్నిర్మాణ విలువ ఎంత రాశారో చూశాకే సంతకం పెట్టండి. నేను వేసిన 6,000 పెరిగే అవకాశమే ఎక్కువ.

12 ఎకరాలకి పన్ను 9,800 మాత్రమే ఉండటానికి కారణం బహుశా క్లీన్ అండ్ గ్రీన్. 1974 నాటి ఈ రాష్ట్ర చట్టం కింద, పది ఎకరాలు, ఆపైన ఉన్న పొలానికి మార్కెట్ ధర మీద కాకుండా సాగు విలువ మీద పన్ను వేస్తారు. ఇల్లు చేతులు మారినంత మాత్రాన ఇది పోదు. వాడకం మారితే పోతుంది. అప్పుడు ఆ ఏడాదితో కలిపి ఏడేళ్ల పన్ను తేడాని, ఏటా 6 శాతం సాధారణ వడ్డీతో కట్టాలి. దీన్నే రోల్‌బ్యాక్ అంటారు. తేడా ఏడాదికి 3,000 అనుకుంటే 24,800 దాకా అవుతుంది. డబ్బు ఇబ్బందై మూడెకరాలు విడదీసి అమ్ముదామనుకుంటే మిగిలేది పది ఎకరాల లోపు. రోల్‌బ్యాక్ మొత్తం పొలం మీద పడే ప్రమాదం ఉంది. ఇప్పుడు అక్కడ గడ్డి కోసుకెళ్తున్న రైతు ఎవరు, మీరొచ్చాక కూడా కోస్తాడా అన్నది ముందే కనుక్కోండి.

బార్న్‌లో పెళ్లిళ్ల ఆదాయాన్ని మీ లెక్కలోంచి తీసేయండి. టౌన్‌షిప్ జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే నిబంధనలు) ఒప్పుకోవాలి, జనం పట్టే భవనానికి వర్తించే ఫైర్ నిబంధనలు, పార్కింగ్, టాయిలెట్లకి సరిపడే సెప్టిక్ అన్నీ కావాలి. వాడకం మారిన మేర రోల్‌బ్యాక్ కూడా వస్తుంది. చరిత్రాత్మక భవనాలకి 20 శాతం ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ ఉందని ఎవరైనా చెబితే, అది మీరు కాపురముండే ఇంటికి రాదు. ఆదాయం తెచ్చే, ఫెడరల్‌గా గుర్తింపు పొందిన భవనానికే వస్తుంది. అద్దెకిచ్చే బార్న్‌కి వచ్చినా, మీ స్థాయి ఆదాయానికి జీతం మీది పన్నులోంచి దాన్ని పూర్తిగా తగ్గించుకోవడం కుదరకపోవచ్చు.

ఒక సంగతిలో మాత్రం అనవసరంగా భయపడొద్దు. ఇల్లు చారిత్రక కట్టడాల జాతీయ జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో ఉన్నంత మాత్రాన కిటికీ మార్చడానికి ఎవరినీ అడగక్కర్లేదు. స్థానిక హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే, లేదా బ్రాండీవైన్ కన్సర్వెన్సీ లాంటి సంస్థ పేరున దస్తావేజులో ఈజ్‌మెంట్ (ఇంటినీ భూమినీ ఇష్టమొచ్చినట్టు మార్చకుండా కట్టడి చేసే ఒప్పందం) ఉంటే అడగాలి. ఈజ్‌మెంట్ శాశ్వతం. మీ తర్వాత మీ అమ్మాయికీ వర్తిస్తుంది. టైటిల్ రిపోర్టులో ముందు ఇది వెతకండి.

ప్లాటు అమ్మితే చేతికెంత వస్తుందో చూద్దాం. కోటీ ఎనిమిది లక్షల్లో లాభం 90 లక్షలు. ఎన్నారైలకి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలని బట్టి కొన్న ధరని పెంచి చూపడం) లేకుండా 12.5 శాతం, సర్‌చార్జి, సెస్ కలిపి 12.87 లక్షలు ఇండియాలో పన్ను. డాలరు 90 రూపాయలనుకుంటే వచ్చేది 1,20,000 డాలర్లు, పన్ను 14,300. కొన్నప్పుడు డాలరు సుమారు 45 రూపాయలు కాబట్టి మీ కొనుగోలు ధర 40,000, అమెరికా లెక్కలో లాభం 80,000. దాని మీద 15 శాతం ఫెడరల్ పన్నుకి ఇండియాలో కట్టింది క్రెడిట్‌గా సరిపోతుంది. కానీ పెట్టుబడి లాభాల మీద విడిగా వేసే 3.8 శాతం నెట్ ఇన్వెస్ట్‌మెంట్ పన్నుకి మామూలుగా ఆ క్రెడిట్ ఇవ్వరు. పెన్సిల్వేనియా 3.07 శాతానికీ విదేశీ పన్ను క్రెడిట్ లేదు. ఆ రెండూ కలిపి 5,500. చివరికి మిగిలేది లక్ష డాలర్లు. అమ్మిన డబ్బుతో ఇల్లు కొంటే పన్ను ఉండదని బంధువులు చెబుతుంటారు. 2014 బడ్జెట్ తర్వాత అది ఇండియాలో కొనే ఇంటికే. అమ్మే ముందే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టండి. లేకపోతే కొనేవాళ్లు మొత్తం ధర మీద కోస్తారు, తిరిగి రావడానికి రిటర్న్ వేసి ఎదురుచూడాలి.

ఎప్పుడు అమ్ముతారన్నది కూడా చూసుకోండి. అమ్మాయి టెన్త్ రెండో సగం, లెవెన్త్ మొదటి సగం కలిసే క్యాలెండర్ సంవత్సరం ఆదాయాన్నే కాలేజీ మొదటి ఏడాది ఆర్థిక సాయానికి చూస్తారు. ఆ ఏడాదే 80,000 లాభం చూపిస్తే, ప్రైవేటు కాలేజీలు ఇవ్వాలనుకున్నది కూడా తగ్గుతుంది. స్టేట్ యూనివర్సిటీకే వెళ్లినా హాస్టల్‌తో కలిపి ఏడాదికి 35,000 దాటుతుంది. 529లో ఉన్నది మూడేళ్లకైనా పూర్తిగా చాలదు.

401కె లోన్ ఆలోచన పూర్తిగా మానేయండి. ఉద్యోగం పోతే ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా తిరిగి కట్టాలి, కట్టలేనిది ఆదాయమై పన్నుతో పాటు పెనాల్టీ పడుతుంది. డబ్బు అత్యవసరమైన రోజునే అది మెడకి చుట్టుకుంటుంది.

ఇక ఎంతకైతే కొనొచ్చు? అదే 2,75,000 డౌన్ పేమెంట్‌తో ధర 8,20,000 అయితే లోన్ 5,45,000, మరమ్మతులతో సహా నెల ఖర్చు 6,430 దగ్గర ఉంటుంది. చేతికొచ్చేదానిలో సగం. నా దృష్టిలో అదే మీ గరిష్ఠం. ఆ ధరకి కూడా మూడు షరతులు. ప్లాటు డబ్బు డౌన్ పేమెంట్‌లో కలపకుండా మొదటి మూడేళ్ల మరమ్మతులకే ఉంచాలి. బ్యాంకులో ఉన్న 1,10,000 ముట్టుకోకూడదు. మేస్త్రీ, సెప్టిక్, బావి, రాడాన్, వైరింగ్ పరీక్షలన్నీ ఒప్పందంలో షరతులుగా ఉండాలి. పోటీ ఉందని ఏజెంట్ తొందరపెట్టి వాటిని వదిలేయమంటే, ఇల్లే వదిలేయండి.

అమ్మేవాళ్లు 8,20,000కి ఒప్పుకోకపోతే మీరు ఓడిపోయినట్టు కాదు. చెస్టర్, బక్స్, బెర్క్స్, లాంకాస్టర్ కౌంటీల్లో ఇలాంటి రాతి ఇళ్లు ఇంకా ఉన్నాయి. రెండు మూడెకరాలతో చిన్నవీ దొరుకుతాయి. మీ నాన్నగారు అమ్మిందీ మూడెకరాలే కదా, ముందు ఆ కొలతకి వెతకండి. ఈ లోపు అమ్మేవాళ్ల ఏజెంట్‌ని మూడు కాగితాలు అడగండి: క్లీన్ అండ్ గ్రీన్ దరఖాస్తు కాపీ, సెప్టిక్ పర్మిట్, గత రెండేళ్ల ఆయిల్ బిల్లులు. అవి అందాక నాకు పంపండి, లెక్క మళ్లీ వేసి చెబుతాను.