వాళ్ల కాగితం మీద నీ చెయ్యి పడకూడదు

చిట్టితల్లీ,

న్యూరోడైవర్స్, అంటే ఆటిజంలాంటివి ఉండి మెదడు పనితీరు వేరుగా ఉండే కుర్రాళ్లకీ పెద్దవాళ్లకీ కలిపి వారం వారం బొమ్మల సెషన్లు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత పొంగిపోయానో! ఆటిజం ఉన్న చిన్నపిల్లల కోసం ఏదో ఒకటి చేసేవాళ్లు దొరుకుతారు. వాళ్లే పెరిగి ఇరవై దాటాక ఇల్లు తప్ప వెళ్లడానికి చోటుండదు. ఆ చోటు నువ్వు ఇస్తానంటున్నావు. అంతా విని ఫోన్ పెట్టేయబోతుంటే, ఆరు నెలల్లో ఎగ్జిబిషన్ కూడా పెడుతుందట అంది మీ అమ్మ. ఇక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. రంగులు నీళ్లతో కడిగితే పోయేవి, విషం లేనివి కొను. నోట్లో పెట్టుకునేవాళ్లు పెద్దవాళ్లలోనూ ఉంటారు. కాగితం జారకుండా మూలలకి టేప్ వెయ్యి. కుంచె పట్టు కుదరనివాళ్లకి పిడి చుట్టూ స్పాంజి చుట్టు. తడి మట్టి, జిగురు చేతికి తగిలితే భరించలేనివాళ్లుంటారు, వాళ్లకి గ్లవ్స్ దగ్గర పెట్టుకో. కత్తెరలు లెక్కపెట్టి ఇవ్వు, లెక్కపెట్టి తీసుకో. ఘాటు వాసన కొట్టే వార్నిష్‌లు, స్ప్రేలు వద్దే వద్దు. నువ్వూ సెంటు పూసుకుని వెళ్లకు.

గది విషయంలో మాత్రం తొందరపడకు. అద్దె తక్కువ, హాలు పెద్దది అని ఒప్పేసుకోకు. ఖాళీ హాల్లో కుర్చీ లాగితే వచ్చే మోత మనకి మామూలే, చెవులు సున్నితంగా ఉన్నవాళ్లు మాత్రం దానికి విలవిల్లాడిపోతారు. ట్యూబ్‌లైట్ రెపరెపలు, జుయ్‌మనే దాని రొద మనం పట్టించుకోం. కొంతమందికి అవే కనిపిస్తాయి, అవే వినిపిస్తాయి, ఇంక బల్ల మీద ఏముందో బుర్రకెక్కదు. సెషన్ జరిగే వేళకే నువ్వొక్కదానివీ వెళ్లి, లైట్లూ ఫ్యాన్లూ అన్నీ వేసి, ఫోన్ ముట్టుకోకుండా అరగంట కూర్చుని చూడు. పక్కన ఇంకో చిన్న గదో, తెర కట్టిన మూలో ఉండాలి. ఎవరినీ అడగకుండా అక్కడికి వెళ్లిపోవచ్చు, ఎంతసేపైనా ఉండొచ్చు. గొడవ చేశావని ఎవర్నీ అక్కడికి పంపకూడదు, పంపితే ఆ రోజు నుంచి అది జైలే.

వీధి తలుపు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఈ మాట నీకు పదిసార్లు చెప్పినా నాకు తృప్తి ఉండదు. కంగారు పుట్టినప్పుడు పరుగున రోడ్డెక్కేసేవాళ్లుంటారు, ఆ క్షణంలో వాళ్లకి బండ్లు కనిపించవు. తాళం వేస్తే పోతుంది కదా అంటావేమో. తాళం వేసిన గదిలోకి రమ్మని మనం ఎవర్నీ పిలవకూడదు. మనిషినే పెట్టు, ఫోన్ చూసుకోని మనిషిని.

మొదటి రోజుకి వారం ముందే గుమ్మం, మెట్లు, బాత్రూమ్, వాళ్లు కూర్చునే బల్ల, నీ మొహం, అన్నీ ఫోటోలు తీసి పంపు. ఆ రోజు ఏది తర్వాత ఏది జరుగుతుందో బొమ్మల కార్డులు వరసగా గోడకి అంటించు, అయిపోయిన కార్డు వాళ్ల చేతే తీయించు. టైమైపోయిందని హఠాత్తుగా అనకు, పది నిమిషాల ముందొకసారి, ఐదు నిమిషాల ముందొకసారి చెప్పు. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టు. లోపల జవాబు తయారవుతుంటుంది. ఈలోగా నువ్వు వేరే మాటల్లో మళ్లీ అడిగావంటే వాళ్లు మొదటికి రావాలి. నోటితో మాట్లాడనివాళ్లు కార్డు చూపించినా, ట్యాబ్‌లో నొక్కినా, చెయ్యి తోసేసినా అది మాటే. కళ్లల్లోకి చూడమని ఎవర్నీ అడగొద్దు. ఊగితే ఊగనీ, చేతులు ఆడిస్తే ఆడించనీ, వాళ్లకి అందులోనే నెమ్మది.

ముప్పై ఏళ్ల మనిషికి కార్టూన్ అవుట్‌లైన్ ఇచ్చి రంగులు నింపమన్నావని తెలిస్తే మాత్రం అక్కడికొచ్చి మరీ తిడతాను. ఆయన్ని పక్కన పెట్టుకుని వాళ్లమ్మని ‘ఇతనికేం ఇష్టం’ అని అడిగినా అంతే. ఆయన్నే అడుగు, ఆగు.

వాలంటీర్లకి ఒక సంగతి ముందే చెప్పు. ఆటిజం ఉన్నవాళ్లకి ఎదుటివాళ్ల మనసు అర్థం కాదని అందరూ అనేస్తారు. డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, ఆయనా ఆటిస్టికే, 2012లో ఈ మాటని తిరగేసి చూపించారు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉందనీ, మనకీ వాళ్లు అంతే అర్థం కావడంలేదనీ ఆయన వాదన. దాన్నే ‘డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్’ అన్నారు. అందుకే నీతో కలిసి సెషన్ నడిపేవాళ్లలో న్యూరోడైవర్స్ మనిషి కనీసం ఒకరుండాలి. సేవ అనకుండా జీతం ఇచ్చి పెట్టుకో.

ఇక ఎగ్జిబిషన్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పనిచేసిన చోట ఇలాంటి బొమ్మల సెషన్లకే ఒక కుర్రాడు వచ్చేవాడు. పంతొమ్మిదేళ్లుంటాయేమో. మాటలు చాలా తక్కువ. రాగానే నీలం సీసా తీసుకునేవాడు, ఇంకో రంగు ముట్టేవాడు కాదు. కాగితం మీద ఎడమ నుంచి కుడికి ఒక పూత. అది ఆరేదాకా పక్కనే నిలబడేవాడు. ఆరాక కిటికీ వైపు ఎత్తి, కొంచెం వంచి, వెలుగులో చూసుకునేవాడు. తర్వాత దాని మీద ఇంకో పూత. ప్రతిసారీ అంచున సన్నగా పాత పూత వదిలేసేవాడు. అలా వారాల తరబడి ఒక్క కాగితమే. దగ్గరికెళ్లి చూస్తే ఆ అంచుల్లో ఎన్ని నీలాలో! లేతది, దాని పక్కన కాస్త ముదురు, మధ్యకి వచ్చేసరికి దాదాపు నలుపు. అంత ఓపిగ్గా చేసిన పని నేను మళ్లీ చూడలేదు.

అంతలో ప్రదర్శన పెడుతున్నామన్నారు. విరాళాలిచ్చేవాళ్లు వస్తారు, బాగుండాలన్నారు. ఉత్త నీలం గోడకి పెడితే ఏం కనిపిస్తుందని, అక్కడ నేర్పించే ఆర్టిస్టు ఒకాయన ఆ నీలం మీద తెల్లగా నాలుగు పక్షులు, కింద ఒక పడవ వేశారు. చెడ్డమనిషి కాదు, ఆ అబ్బాయికి పేరు రావాలనే వేశారు. ఫ్రేమ్ కట్టి కింద అబ్బాయి పేరు రాశారు. వచ్చినవాళ్లంతా దాని ముందే ఆగారు.

ఆ అబ్బాయి వచ్చాడు. నేరుగా దాని దగ్గరికెళ్లి అద్దం మీద పక్షులున్న చోట గోటితో గీకడం మొదలుపెట్టాడు. ముందు మెల్లగా. పోకపోయేసరికి గట్టిగా. గోరు చిట్లింది. అప్పుడు అరిచాడు. ఎవరో రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్లిపోయి, జనాన్ని చూసి బెదిరాడని అతిథులకి సర్దిచెప్పారు. వాడు ఆ రోజు జనం వైపు చూడనేలేదు.

తర్వాతి వారం వస్తే నీలం సీసా ముందు పెట్టారు. చేతులు ఒళ్లో పెట్టుకుని సెషన్ అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. ఆ పై వారమూ అంతే. కొన్నాళ్లకి వాళ్లమ్మ తీసుకురావడం మానేసింది. ఆవిడ మాతో గొడవ పడి ఉంటే బాగుండేది. ‘వాడికి ఉన్నది అదొక్కటేనండీ’ అని మాత్రం అంది.

అందుకే చెబుతున్నాను. చెయ్యి పట్టుకుని గీయించొద్దు, దిద్దొద్దు, ‘ఇక చాలు, బాగా వచ్చింది’ అని కాగితం లాక్కోవద్దు. ఎలా చేయాలో చూపించమంటే వేరే కాగితం మీద చేసి చూపించు. కాగితం పీలికలైపోతే పోనీ, అది వాళ్లది. గోడకి పెట్టాలా, ఇంటికి తీసుకెళ్లాలా, చింపేయాలా అనేది వాళ్లే చెప్పాలి. దానికీ కార్డులు పెట్టు, ముందు రోజు ఇంకోసారి అడుగు. బొమ్మ ఫోటోకి ఒప్పుకుంటే మొహం ఫోటోకి ఒప్పుకున్నట్టు కాదు. ఫ్లాష్ అసలే వద్దు.

అమెరికాలోని ఓక్లండ్‌లో క్రియేటివ్ గ్రోత్ అనే స్టూడియో ఉంది, 1974లో పెట్టారు. జుడిత్ స్కాట్ అనే ఆవిడ 1987లో అక్కడికి వచ్చింది. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదలని నెమ్మదింపజేసే డౌన్ సిండ్రోమ్, దానికి తోడు చెవుడు. ఆ చెవుడుని ఏళ్ల తరబడి ఎవరూ పోల్చుకోలేదు. చిన్నప్పుడే ఒక సంస్థలో చేర్చేస్తే 35 ఏళ్లు అలాంటి చోట్లే గడిచాయి, చివరికి తన కవల సోదరి బయటికి తెచ్చుకుంది. స్టూడియోకి వచ్చాక దాదాపు రెండేళ్లు దేని మీదా పెద్దగా మనసు పెట్టలేదు. నూలూ దారాలూ చేతికొచ్చాక మొదలుపెట్టింది, దొరికిన వస్తువునల్లా చుట్టి చుట్టి శిల్పాలు చేసింది, 2005లో పోయేదాకా ఆపలేదు. ఈరోజు అవి పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. ఆరో నెలకి ఎగ్జిబిషన్ అని ఎవరైనా పట్టుబట్టి ఉంటే ఆవిడ పేరు మీద గోడకి ఏం వేలాడేది?

అలాగని ప్రతివాళ్లలో ఓ జుడిత్ ఉందని పోస్టర్ల మీద రాయకు. ఎక్కువమంది మామూలు బొమ్మలే వేస్తారు, కొందరు అసలు వేయరు, రంగు నీళ్లు కలుపుతూ కూర్చుంటారు. వాళ్లకి హాయిగా ఉంటే అది చాలు. డబ్బిచ్చేవాళ్లు లెక్క అడిగితే ఎంతమంది మళ్లీ మళ్లీ వస్తున్నారో చూపించు. మొదట్లో గుమ్మం దగ్గరే నిలబడిపోయిన అమ్మాయి ఇప్పుడు ఎంతసేపు లోపల ఉంటోందో రాసి చూపించు. మొదటి నెలల్లో ఆరుగురికి మించి తీసుకోకు, ఎంత మొహమాటపెట్టినా సరే.

నీకు ఆర్భాటం లేదు, అది నాకు తెలుసు. కానీ ఎవరైనా మెచ్చుకుంటే కరిగిపోతావు, అదీ తెలుసు. అంత మెత్తని మనసు కాబట్టే ఈ పని నీకు తట్టింది, దాన్ని మార్చుకోమని అనను తల్లీ. ఎగ్జిబిషన్ తారీఖు ఇప్పటికే ఎవరికైనా మాటిచ్చి ఉంటే మాత్రం ఇది చదవగానే ఫోన్ చేసి వాయిదా వేయించు. ఎలా చెప్పాలో తోచకపోతే వాళ్ల నంబరు నాకివ్వు, నేను మాట్లాడతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ