ఎంసీబీ పడిపోతోందని పర్సనల్ లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇరవై ఏళ్ల కిందటి సొంతిల్లు. ఈ ఏడాది రెండో ఏసీ పెట్టించాం. అది, గీజర్, ఇండక్షన్ స్టవ్ మూడూ ఒకే 16 ఆంప్స్ లైను మీదున్నాయి. పొద్దున్నే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతోంది. వైరింగంతా మార్చి త్రీ ఫేజ్ తీసుకుంటే 90,000 అవుతుందన్నారు. మావారేమో పెద్ద ఎంసీబీ వేస్తే చాలంటున్నారు. పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? బాబు ఫీజుకి దాచిన 1.5 లక్షల ఎఫ్‌డీ తప్ప మాకు వేరే పొదుపు లేదు.

జవాబు: పెద్ద ఎంసీబీ మాత్రం వేయించకండమ్మా. అది ఉన్నదే గోడలోని వైరును కాపాడటానికి. మా అత్తగారింట్లో ఇలాగే 16 తీసి 32 వేశారు. ఆ వేసవంతా ఒక్కసారీ పడలేదని సంబరపడ్డాం. దసరాకి రంగులేయిస్తూ బోర్డు విప్పితే వైరు తొడుగు నల్లబడి, వేలు తగలగానే పెచ్చులుగా రాలింది. పిల్లలు పడుకునేది ఆ గదిలోనే.

వాట్లను 230తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. టన్నున్నర ఏసీ 1,600 వాట్లనుకుంటే 7, 2,000 వాట్ల గీజర్ దాదాపు 9, ఇండక్షన్ ఇంకో 9. పదహారు మోసే లైను మీద పాతిక పడుతోంది. కాబట్టి ఇల్లంతా తవ్వక్కర్లేదు. ఏసీకి, గీజర్‌కి మెయిన్ బోర్డు నుంచి 4 స్క్వేర్ (4 చదరపు మిల్లీమీటర్ల మందం) వైరుతో విడివిడి లైన్లు లాగిస్తే ఈ బాధ తీరుతుంది. వాటికి మాత్రమే అంచనా రాయించండి. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, కూడా అందులో చేర్పించండి. గీజరున్న ఇంట్లో షాక్ నుంచి కాపాడేది అదే, అక్కడ పొదుపు చూడకండి.

90,000 అప్పు 14 శాతానికి మూడేళ్లు కడితే నెలకు 3,076 కిస్తీ, వడ్డీయే 20,700 పైన. వద్దు. రెండు లైన్ల ఖర్చు రెండు మూడు నెలల జీతంలో సర్దుకోండి. అప్పటిదాకా గీజర్ ఆపాకే ఇండక్షన్ వెలిగించండి, ఆ వేళ ఏసీ వద్దు. మరీ చాలకపోతే ఎఫ్‌డీ మీదే లోన్ అడగండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ, ఫీజు డబ్బూ చెదరదు.

కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ ఇంటికి మంజూరైన లోడు, ఎంతుందో చూడండి. రెండు ఏసీలు, గీజర్, ఇండక్షన్ కలిస్తేనే 7 కిలోవాట్లు దాటుతున్నాయి. తక్కువుంటే అదనపు లోడుకి దరఖాస్తు పెట్టండి. డెవలప్‌మెంట్ ఛార్జీ, డిపాజిట్ ముందే కట్టాలి, ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్ లెక్కన నెలనెలా పెరుగుతుంది. త్రీ ఫేజ్ సంగతి కూడా డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఏఈనే, అంటే అసిస్టెంట్ ఇంజినీర్‌నే, అడగండి. ఆయన చెప్పిన మొత్తం, లైన్ల అంచనా రెండూ చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి.